సమస్య ముందు, పాఠశాల తర్వాత: ప్రజావిధాన, అంతర్జాతీయ సంబంధాల పీజీ దరఖాస్తు

తెలుగు రాష్ట్రాల నుంచి పై చదువుకు అమెరికా వెళ్లేవారిలో అత్యధికులు ఎంఎస్ కోసమే వెళ్తారు గనుక, దరఖాస్తు అంటే ఏమిటన్న అవగాహన కూడా ఆ దారిలోనే స్థిరపడిపోయింది. బీటెక్ మార్కులు, జీఆర్‌ఈ స్కోరు, వాటిని బట్టి ‘యాంబిషియస్, మోడరేట్, సేఫ్’ అని మూడు వరసలుగా విడదీసిన విశ్వవిద్యాలయాల జాబితా, అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీవారు సర్దిపెట్టే ఎస్‌ఓపీ, అంటే చదువు ఉద్దేశాన్ని వివరించే వ్యాసం, ఇవి ఉంటే దరఖాస్తు పూర్తయినట్లే భావిస్తారు. ప్రజావిధానం, అంతర్జాతీయ సంబంధాలు చదవదలచినవారు ఇదే పద్ధతిని నమ్ముకుంటే మంచి మార్కులున్నా తిరస్కరణ ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఈ విషయాలు బోధించే విశ్వవిద్యాలయ పాఠశాలల ప్రవేశ సంఘాలు మార్కులను చూడకపోవు గాని, వాటికంటే ముందు అభ్యర్థి ఏ ప్రజాసమస్యను పట్టుకుని వస్తున్నాడు, దానితో అతనికి ఇప్పటికే ఉన్న పరిచయమెంత, ఈ చదువు లేకపోతే అతని పని ఎక్కడ ఆగిపోతుంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెతుకుతాయి. దరఖాస్తులోని ప్రతి కాగితమూ ఈ ప్రశ్నలలో ఏదో ఒకదానికి సాక్ష్యంగా నిలవాలి.

ఏ డిగ్రీ దేనికి

ప్రభుత్వం ఒక సమస్యను ఎందుకు చేపడుతుంది, ఉన్న మార్గాలలో దేనిని ఎంచుకుంటుంది, ఎంచుకున్నది అమలులో ఎందుకు నిలుస్తుంది లేదా నీరుగారిపోతుంది, పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కిందా అన్న ప్రశ్నలను అర్థశాస్త్ర, గణాంకశాస్త్ర, రాజనీతిశాస్త్రాల సాయంతో పరిశీలించే వృత్తివిద్యను ప్రజావిధానం అంటారు. ఇందులో ప్రధానమైన డిగ్రీ ఎంపీపీ, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ. అమెరికాలో సాధారణంగా రెండేళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లోని బ్లావట్నిక్ పాఠశాల వంటి చోట్ల ఏడాది. ఎంపీఏ, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పాలనా నిర్వహణ వైపు మొగ్గుతుంది. ఏడాది ఎంపీఏలు చాలావరకు ఐదేళ్లో, ఏడేళ్లో ఉద్యోగానుభవం ఉన్న అధికారులను ఉద్దేశించినవి. పేర్లు మాత్రం పూర్తిగా నమ్మదగినవి కావు: ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎంపీఏ రెండేళ్లది, యువ అభ్యర్థులకు, ఎంపీపీ ఏడాదిది, అనుభవజ్ఞులకు. అందువల్ల పేరు చూసి కాక, పాఠ్యప్రణాళికనూ, చేరినవారి సగటు అనుభవాన్నీ చూసి నిర్ణయించుకోవాలి.

అంతర్జాతీయ సంబంధాల విషయంలో తేడా మరింత లోతైనది. యుద్ధం, వాణిజ్యం, దౌత్యం, వలసలు, అంతర్జాతీయ సంస్థలను పరిశీలించే ఈ రంగంలో ఒక వర్గం డిగ్రీలు సిద్ధాంత ప్రధానమైనవి, మరో వర్గం వృత్తి ప్రధానమైనవి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అంతర్జాతీయ సంబంధాల ఎమ్మెస్సీ, జేఎన్‌యూ అంతర్జాతీయ అధ్యయనాల విభాగపు ఎమ్మే మొదటి వర్గానికి దగ్గరగా ఉంటాయి. అమెరికాలోని ప్రసిద్ధ పాఠశాలలు రెండో వర్గానికి చెందుతాయి. అవి పుట్టిన కాలాలే వాటి స్వభావాన్ని చెబుతాయి. జార్జ్‌టౌన్ విదేశాంగ సేవా పాఠశాల 1919లో, అంటే మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన వెంటనే, ఫ్లెచర్ పాఠశాల 1933లో, జాన్స్ హాప్‌కిన్స్‌లో భాగమైన సైస్ 1943లో రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా మొదలయ్యాయి. దేశానికి దౌత్యవేత్తలు, ఆర్థికవేత్తలు కావలసిన కాలంలో వెలసిన సంస్థలు కనుక అవి ఇప్పటికీ చర్చకంటే పనికి, సిద్ధాంతంకంటే నైపుణ్యానికి పెద్దపీట వేస్తాయి. సైస్‌లో అర్థశాస్త్రానికి ఉన్న ప్రాధాన్యం అందుకు మంచి ఉదాహరణ. పీహెచ్‌డీ చేసి అధ్యాపకులు కావాలనుకునేవారు ఖరీదైన వృత్తి డిగ్రీ మీద డబ్బు ఖర్చుచేయడం తెలివైన పని కాదు, ఎందుకంటే అమెరికా విశ్వవిద్యాలయాలు డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలోకి తీసుకుని, సాధారణంగా స్టైపెండు కూడా ఇస్తాయి.

ఒక అపోహను ఆరంభంలోనే తొలగించుకోవాలి. విదేశంలో అంతర్జాతీయ సంబంధాలు చదివితే భారత దౌత్యవేత్త కావచ్చునన్న నమ్మకం కొందరు తల్లిదండ్రులలో బలంగా ఉంది. భారత విదేశాంగ సర్వీసుకు దారి యూపీఎస్‌సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష. దానికి ఏ విషయంలోనైనా డిగ్రీ ఉంటే చాలు, ఈ పీజీ వల్ల ఒక్క మార్కు అదనంగా రాదు, పైగా వయోపరిమితిలో రెండేళ్లు కరిగిపోతాయి. అమెరికా విదేశాంగ సర్వీసుకు ఆ దేశ పౌరసత్వం తప్పనిసరి. ఐక్యరాజ్యసమితిలో జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ పదవులకు దాతదేశాల ప్రభుత్వాలు ప్రధానంగా తమ పౌరుల కోసమే డబ్బు కడతాయి. ఇవన్నీ తీసివేయగా మిగిలే ఉద్యోగాలు, అంటే పరిశోధన సంస్థలు, అభివృద్ధి బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు, రాష్ట్ర ప్రభుత్వాల సలహా విభాగాలు, కంపెనీల ప్రభుత్వ వ్యవహారాల శాఖలు, అభ్యర్థికి నచ్చినప్పుడే ఈ చదువు అర్థవంతమవుతుంది.

సమస్యను పట్టుకోవడం

ఎస్‌ఓపీలో తరచుగా కనిపించే మొదటి వాక్యం, చిన్ననాటి నుంచి సమాజానికి ఏదైనా చేయాలన్న తపన ఉండేదన్నది. అది అబద్ధం కాకపోవచ్చు గాని, వేల దరఖాస్తులు చదివే సంఘానికి దాని వల్ల తెలిసేదేమీ లేదు. ‘పేదరికం’, ‘విద్య’, ‘భారత-చైనా సంబంధాలు’ వంటివి కూడా విషయాలే తప్ప సమస్యలు కావు. ఎవరో ఒకరు ఒక నిర్ణయం తీసుకోవలసి ఉండి, దానికి ఒకటికంటే ఎక్కువ దారులుండి, ఏ దారిలో వెళ్లినా ఎవరికో ఒకరికి నష్టం ఉన్నప్పుడే అది విధాన సమస్య అవుతుంది.

కౌలు రైతుల విషయాన్ని తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు పథకం ఎకరాల లెక్కన పట్టాదారుకు డబ్బు ఇచ్చింది. భూమిని నిజంగా సాగుచేస్తున్న కౌలుదారుకు అది చేరలేదు. ఇది అన్యాయమని రాసి ఆగిపోతే అది పత్రికకు రాసిన లేఖ అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వడానికి, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం యజమాని సంతకంతో పదకొండు నెలల ఒప్పందానికి వీలు కల్పించినా, కౌలు కాగితం మీదికి ఎక్కితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న యజమానుల భయం తగ్గలేదని, కార్డు చూసి అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడాయని గుర్తించినప్పుడు అసలు ప్రశ్న బయటపడుతుంది: యజమానిని భయపెట్టకుండా సాగుదారును గుర్తించడం ఎలా? గ్రామీణ బ్యాంకు శాఖలోనో, మండల రెవెన్యూ కార్యాలయంలోనో, రైతు సంఘంతోనో రెండు మూడేళ్లు పనిచేసిన అభ్యర్థి ఈ ప్రశ్నను తన అనుభవంలోని వివరాలతో వేసి, దానికి సమాధానం వెతకడానికి తనకు ఒప్పందాల అర్థశాస్త్రమూ, పథకాల ప్రభావాన్ని కొలిచే పద్ధతులూ తెలియవని చూపితే, చదువు ఎందుకు కావాలన్నది వేరే వాదించవలసిన అవసరం ఉండదు.

అంతర్జాతీయ సంబంధాలకు కూడా ఇంటి ముంగిట్లోనే ముడిసరుకు దొరుకుతుంది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికులు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళలు 1983 నాటి వలస చట్టం పరిధిలోకి వస్తారు. పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు మీద కొన్ని దేశాలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న ముద్ర ఉంటుంది. ఆ అనుమతిని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ల వ్యవస్థ ఒకటి పెరిగింది. రక్షణ కోసం పెట్టిన నిబంధనే కొందరిని రక్షణ లేని దారిలోకి నెడుతుంటే ప్రభుత్వం దానిని బిగించాలా, సడలించాలా, గల్ఫ్ దేశాలతో ద్వైపాక్షిక ఒప్పందాల మీద ఆధారపడాలా అన్నది పూర్తిస్థాయి విదేశాంగ ప్రశ్న. అలాగే ఆంధ్రప్రదేశ్ తీరం నుంచి ఎగుమతయ్యే రొయ్యల మీద 2005 నుంచి అమెరికాలో అమలవుతున్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే సరుకును న్యాయమైన ధరకంటే చౌకగా దించుతున్నారన్న ఆరోపణతో వేసే అదనపు పన్ను, భీమవరం చెరువు గట్టుకూ వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖకూ మధ్య ఉన్న సంబంధాన్ని చూపుతుంది. అణ్వస్త్ర నిరోధం మీద సాధారణ వ్యాఖ్యలు చేసే వ్యాసంకంటే ఇటువంటి ప్రశ్న చుట్టూ అల్లిన వ్యాసం చదివేవారి దృష్టిని ఎక్కువసేపు నిలుపుతుంది.

తెలుగు నేల ఈ పాఠశాలలకు అపరిచితమైనది కాదన్న సంగతి చాలామంది అభ్యర్థులకు తెలియదు. ఉపాధి హామీ వేతనాలను, పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లిస్తే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాలలో, 1.9 కోట్ల జనాభా ఉన్న మండలాలలో లాటరీ పద్ధతిలో పరీక్షించి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 2016లో ప్రచురించిన అధ్యయనం అభివృద్ధి అర్థశాస్త్రంలో సుప్రసిద్ధం. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు, 2010 నాటి సూక్ష్మరుణాల ఆర్డినెన్స్ కూడా ఆ రంగంలో విస్తృతంగా చర్చకు వచ్చినవే. దరఖాస్తుదారు తన జిల్లా మీద వెలువడిన పరిశోధనను చదివి, అందులో ఏది తన అనుభవంతో సరిపోయిందో, ఏది సరిపోలేదో ఒక పేరాలో రాయగలిగితే, పాఠశాల గొప్పతనాన్ని పొగుడుతూ రాసే రెండు పేరాలను నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

కొన్ని పాఠశాలలు ఎస్‌ఓపీతోపాటు పాలసీ మెమో కూడా అడుగుతాయి. ప్రిన్స్‌టన్ దరఖాస్తులో ఇది ముఖ్యమైన భాగం. నిర్ణయాధికారం ఉన్న ఒక వ్యక్తిని ఉద్దేశించి, ఏం చేయాలో మొదటి పేరాలోనే చెప్పి, ఆ తర్వాత ప్రత్యామ్నాయాలను, ఖర్చును, వ్యతిరేకించేవారిని, అమలులో వచ్చే చిక్కులను వివరించే కొద్ది పేజీల పత్రాన్ని మెమో అంటారు. సమస్య చరిత్రతో ప్రారంభించి, కారణాలు చెప్పి, సూచనలతో ముగించడం మన డిగ్రీ పరీక్షలు నేర్పిన అలవాటు; మెమోలో ఆ వరుస తలకిందులవుతుంది. ‘భారత ప్రభుత్వం’ అని గాల్లోకి రాయకుండా, ఆ నిర్ణయం నిజంగా ఎవరి చేతిలో ఉందో, వ్యవసాయ శాఖ కమిషనరా, రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సంఘమా, తేల్చుకుని వారికే రాయడం సగం పరీక్ష పాసైనట్లే. తన సూచనకు ఉన్న బలహీనతను తానే చెప్పిన మెమో బలహీనపడదు. అన్ని పక్షాలకూ మేలే జరుగుతుందని చెప్పే మెమోను ఎవరూ నమ్మరు.

లెక్కల సంగతి

ప్రజావిధాన పాఠశాలల్లో మొదటి ఏడాది సూక్ష్మార్థశాస్త్రం, గణాంకశాస్త్రం, రిగ్రెషన్ తప్పవు. ఒక ఫలితం మీద అనేక కారణాలలో ఒక్కొక్కదాని ప్రభావాన్ని విడదీసి అంచనా వేసే గణాంక పద్ధతిని రిగ్రెషన్ అంటారు. ఇంజనీరింగ్ చదివినవారికి ఇక్కడ పైచేయి ఉంటుంది, కానీ వారిలో చాలామంది ఆ సంగతిని దరఖాస్తులో చెప్పుకోరు. నాలుగు సెమిస్టర్ల గణితాన్ని మార్కుల మెమోలోనే వదిలేసి, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం గురించి పేజీ రాస్తారు. బీఏ, బీకాం అభ్యర్థుల పరిస్థితి వేరు. వారు దరఖాస్తుకు ఏడాది ముందే, పర్యవేక్షణలో పరీక్ష రాసి మార్కులతో సర్టిఫికెట్ పొందే ఆన్‌లైన్ కోర్సులలో గణాంకాలు, సూక్ష్మార్థశాస్త్రం పూర్తిచేసి చూపడం మంచిది. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ విద్యావేదిక ‘స్వయం’ మీద ఇటువంటివి నామమాత్రపు పరీక్ష రుసుముతో దొరుకుతాయి. హార్వర్డ్ కెనెడీ పాఠశాలలో అంతర్జాతీయ అభివృద్ధికి సంబంధించిన ఎంపీఏకు బహుచరరాశుల కలనగణితం, సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలు ముందే చదివి ఉండాలన్న నియమం ఉంది. ఆ నియమాన్ని డిసెంబరులో చదివి జనవరిలో నెరవేర్చడం సాధ్యం కాదు.

జీఆర్‌ఈ 2023 సెప్టెంబరు నుంచి రెండు గంటలలోపు ముగిసే పరీక్షగా మారింది, దానిని ఐచ్ఛికం చేసిన పాఠశాలలు కూడా పెరిగాయి. ఐచ్ఛికమంటే అనవసరమని అర్థం చేసుకోకూడదు: గణిత నేపథ్యం లేనివారికి మంచి గణిత స్కోరు ఒక్కటే ఆ లోటును పూడ్చే సాక్ష్యం కావచ్చు. పైగా రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్యానిధి పథకాలు జీఆర్‌ఈ గానీ జీమ్యాట్ గానీ స్కోరు అడిగే సందర్భం ఉంటుంది కనుక, పాఠశాల వద్దన్నదని మానేసినవారు స్కాలర్‌షిప్ దగ్గర ఇబ్బందిపడతారు.

సిఫారసు లేఖలు, పేర్లు

విభాగాధిపతి దగ్గరికి విద్యార్థే లేఖ టైపుచేసి తీసుకెళ్లి సంతకం పెట్టించుకోవడం మన కళాశాలల్లో రివాజు. అన్ని లేఖలకూ ఒకే భాష, ఒకే పొగడ్త ఉంటే చదివేవారికి అది ఇట్టే తెలిసిపోతుంది. ఒకే చేతిరాత ఉన్న సాక్షుల వాంగ్మూలాల మాదిరి అవి కేసును చెడగొడతాయి. పెద్ద పదవిలో ఉండి అభ్యర్థిని ఎరగని వైస్ చాన్సలర్ లేఖకంటే, రోజూ పని చూసిన ప్రాజెక్టు అధికారి లేఖ విలువైనది. అందులో ఒక నిర్దిష్ట సందర్భం, ఒక విమర్శ, ఆ విమర్శకు అభ్యర్థి స్పందించిన తీరు ఉంటే మరీ మంచిది. లేఖ రాసేవారికి అభ్యర్థి ఇవ్వవలసింది చిత్తుప్రతి కాదు: వారితో కలిసి చేసిన పనుల జాబితా, ఎస్‌ఓపీ ప్రతి, గడువు తేదీ, కనీసం ఆరు వారాల సమయం. లేఖలు సంస్థ ఈమెయిల్ నుంచి వెళ్లడం మేలు. ఆ చిరునామా లేని అధ్యాపకులు ఇంకా ఉన్నారు కనుక ముందుగా అడిగి ఏర్పాటు చేసుకోవాలి.

పేర్ల చిక్కు తెలుగువారికి ప్రత్యేకమైనది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉండి, డిగ్రీలో పొడి అక్షరంగా మారి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలి మొత్తం పేరు ఒకే గడిలో చేరితే, అమెరికా వీసాలో అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే మొదటి పేరు తెలియదు అన్న అక్షరాలు పడి, బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు వరకు వెంటాడతాయి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టును సరిచేయించుకుని, ఆ రూపాన్నే అన్నిచోట్లా వాడాలి. ట్రాన్‌స్క్రిప్టులు, అంటే విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన మార్కుల సమగ్ర పట్టికలు, పరీక్షల విభాగం నుంచి రావడానికి వారాలు పట్టవచ్చు. శాతాన్ని నాలుగు పాయింట్ల కొలతకు అభ్యర్థే మార్చి రాయకుండా, ఉన్నది ఉన్నట్లే ఇవ్వడం సాధారణంగా సురక్షితం. మూడేళ్ల డిగ్రీని అంగీకరించే పాఠశాలలు ఉన్నాయి, అంగీకరించనివీ ఉన్నాయి. రుసుము కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

డబ్బు

ఎంఎస్‌కు అప్పుచేసినవారు సాఫ్ట్‌వేర్ జీతంతో తీర్చేస్తారన్న లెక్క ఇక్కడ నడవదు. వాషింగ్టన్, న్యూయార్క్‌లలోని పేరున్న పాఠశాలల్లో ట్యూషనే ఏడాదికి 50 వేల డాలర్లు దాటుతుంది, తర్వాత వచ్చే పరిశోధన సంస్థల జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలకు దూరంగా ఉంటాయి, అమెరికా అభివృద్ధి సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1 నుంచి మూతపడిన తర్వాత వాషింగ్టన్ అభివృద్ధి రంగంలో ఉద్యోగాలు మరింత కుదించుకుపోయాయి. పూర్తి ఖర్చును అప్పు మీద భరించి ఈ డిగ్రీ చదవడాన్ని, ఇల్లు తాకట్టు పెట్టవలసిన కుటుంబాల విషయంలో, ప్రోత్సహించడం కష్టం. అందువల్ల పాఠశాలల జాబితాను ర్యాంకులతో కాక నిధులతో కట్టాలి. ప్రిన్స్‌టన్ తన ఎంపీఏ విద్యార్థుల ట్యూషన్ భరిస్తుంది, గనుకనే అక్కడ పోటీ తీవ్రం. సింగపూర్‌లో 2004లో ఏర్పడిన లీ క్వాన్ యూ పాఠశాల ఆసియా విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. బెర్లిన్‌లోని హెర్టీ, జెనీవాలోని గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ మన అభ్యర్థులు తక్కువగా చూసే చోట్లు.

పాఠశాల బయటి సాయంలో ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు ప్రజాపాలన విషయంలో దరఖాస్తు చేయవచ్చు. దానికి మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చదువు తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న వీసా షరతు వర్తిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్‌కు రెండేళ్ల అనుభవం, తిరిగి రావడం షరతులు. 1892లో నెలకొన్న జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ రూపంలో సాయం చేస్తుంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద, బీసీలకు పూలే పేరిట ఉన్న పథకం కింద 20 లక్షల రూపాయల వరకు అందుతుంది, అయితే మొదటి వాయిదా విదేశం చేరిన తర్వాతే వచ్చేది కాబట్టి విమానం ఎక్కేందుకు, మొదటి సెమిస్టరుకు వేరే ఏర్పాటు ఉండాలి. ఏ సాయమూ దొరకనివారు విదేశాన్ని వాయిదా వేసి, బెంగళూరు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2014లో ప్రారంభించిన ఎంపీపీనో, హైదరాబాదులోని కౌటిల్య పాఠశాలనో పరిశీలించడంలో చిన్నతనమేమీ లేదు. భారత ప్రభుత్వాలతో పనిచేయదలచినవారికి అక్కడి సహాధ్యాయుల పరిచయాలే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలలో, ఫుల్‌బ్రైట్ గడువు అంతకు ముందటి వేసవిలో పడతాయి గనుక ప్రయాణానికి ఏడాదిన్నర ముందు పని మొదలుకావాలి. ఫలితాలు మార్చి ప్రాంతంలో వస్తాయి. అంగీకార లేఖతోపాటు వచ్చిన సాయం చాలకపోతే, మరో పాఠశాల ఇచ్చిన ఎక్కువ సాయపు లేఖను జతచేసి, మర్యాదగా, రెండు పేరాలలో పునఃపరిశీలన కోరడం అక్కడ సాధారణమే. మనవారు బతిమాలినట్లవుతుందని మొహమాటపడి అడగరు, అడిగినవారికి కొన్నిసార్లు దక్కుతుంది. నిర్ణయం సాధారణంగా ఏప్రిల్ మధ్యకల్లా తెలపాలి, ఆ తర్వాత వీసా కోసం పాఠశాల ఇచ్చే ఐ-20 పత్రం, వీసా ఇంటర్వ్యూ. ఆ ఇంటర్వ్యూ కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక, బీటెక్ చదివినవారు ప్రజావిధానం వైపు ఎందుకు వెళ్తున్నారో, ఏ సమస్య కోసం వెళ్తున్నారో రెండు వాక్యాలలో చెప్పగలిగేలా సిద్ధపడటం, ఐ-20లో చూపిన మొత్తానికి సరిపడా నిధుల పత్రాలు చేతిలో ఉంచుకోవడం అప్పటికి మిగిలే పని.